ఖాళీ పోర్టు

ఆదివారం మధ్యాహ్నం. మేడ మీద గది, తలుపు వేసి ఉంది. గోడవారగా, నెట్‌వర్క్ సర్టిఫికెట్ పరీక్ష సాధనకి పెట్టుకున్న రౌటర్ల పెట్టెలు. బాబాయ్ కీబోర్డు ముందు, ఆయన అన్న కూతురు వెనక కుర్చీలో.

“చాలు బాబాయ్, చేతులెత్తెయ్. టైమైపోయింది.”

“చేతులెత్తెయ్యడమేంటే, రేపు పరీక్ష పెట్టుకుని! మంచి మాట రాదా నీ నోట? చేతులు తియ్యి అను.”

“సరే మహానుభావా, చేతులు తియ్యి. ఇంకా కొడుతున్నావేంటి?”

“సేవ్ చేస్తున్నానే. ఒక్క క్షణం. సేవ్ చెయ్యకుండా లేస్తే పొద్దుట్నుంచీ చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.”

“రేపు అక్కడ ఇన్విజిలేటర్ క్షణం కూడా ఆగడు.”

“నాకు తెలీదా? మూడుసార్లు చూశాను అతని మొహం. నాలుగోసారి కనపడితే ఇంట్లో అందరూ కులాసానా అని అడుగుతాడు.”

“జోకులు తర్వాత. లే, నేను కూర్చుని దిద్దాలి.”

“లేస్తున్నా, లేస్తున్నా. మోకాళ్ళు పట్టేశాయి. అమ్మలూ...”

“ఊఁ.”

“ఒకటి అడుగుదామని.”

“అడుగు.”

“ఏం లేదులే. ముందు నువ్వు దిద్దు.”

“ఈ ఉత్తుత్తి కంపెనీలో రెండో బ్రాంచికి దారి... వచ్చింది. మూడో బ్రాంచి పాస్‌వర్డు... ఇదీ పట్టేశావే! హెడ్డాఫీసు ఫోన్లు... మోగుతున్నాయి. బాబాయ్!”

“ఏంటి? ఏం తప్పు?”

“తప్పులేంటి, అన్నీ పట్టుకున్నావు! ఈ పెట్టెల్లో నేను పాడుచేసి పెట్టినవన్నీ వెతికి సరిచేశావు. ఒక్కటి కూడా వదల్లేదు.”

“నిజంగానా? ముఖస్తుతి కాదుగా?”

“నిన్నెప్పుడైనా ముఖస్తుతి చేశానా నేను?”

“చిన్నప్పుడు చాక్లెట్ల కోసం చేసేదానివి.”

“ఇప్పుడు చాక్లెట్లు మానేశాన్లే. పైగా నీకు టైము కూడా మిగిలింది. పోయినసారి నేనొచ్చినప్పుడు సగం కూడా కాలేదు. ఇంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“వచ్చింది... అలా. చేస్తూ చేస్తూ ఉంటే వస్తుంది కదా.”

“వేళ్ళు ఆగట్లేదసలు. వెనకనుంచి చూస్తుంటే నన్ను నేను చూసుకున్నట్టుంది.”

“ఏదో, నీ గాలి తగిలింది.”

“రేపు ఇలాగే చెయ్యి, చాలు. ఆ సీటు నీదే.”

“సీటు మాట ఎత్తకే తల్లీ. మొన్న మేనేజర్ పిలిచి మళ్ళీ చెప్పాడు. ‘మీ అనుభవాన్ని కాదనట్లేదు మాస్టారూ, కానీ ఈ పరీక్ష పాసైనవాళ్ళే ఆ సీట్లో ఉండాలని పెద్ద కస్టమర్లు పట్టుబడుతున్నారు’ అన్నాడు. నేను పాసవకపోతే పోయినేడాది చేరినతను ఎక్కుతాడు ఆ సీటు. నేను మళ్ళీ నిచ్చెనెక్కి సీలింగులోంచి కేబుళ్ళు లాగాలి.”

“అతను మంచివాడేనన్నావుగా?”

“మంచివాడే. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుంటూనైనా కాలక్షేపం చేసేవాణ్ణి. ‘నిచ్చెన నేను పట్టుకుంటాను సార్’ అంటాడు. అతను పట్టుకుంటే ఎక్కాల్సింది నేనే కదా, ఈ మోకాళ్ళేసుకుని.”

“ఎక్కవులే. ఈసారి ఖాయం.”

“తలుపు తియ్యండి! చేతులు ఖాళీ లేవు!”

“అదిగో, మీ పిన్ని. ఈ సీటూ నిచ్చెనా సంగతి ఆవిడ దగ్గర అనకు. సగమే చెప్పాను.”

“తీస్తున్నా పిన్నీ.”

“అబ్బబ్బ, ఏం హోరు తల్లీ ఈ గదిలో! ఈ పెట్టెల ఫ్యాన్లన్నీ తిరుగుతుంటే కప్పు లేచిపోతుందేమోనని కింద నా భయం. ఇదిగో టీ. ఆ తెల్ల కప్పు మీది, చక్కెర తక్కువ. ఎలా చేశారమ్మా మీ బాబాయ్? గట్టెక్కుతారా?”

“చాలా బాగా చేశాడు పిన్నీ.”

“నీ నోట్లో చక్కెర పొయ్య! నాకైతే కంటిమీద కునుకు లేదనుకో. ఈయన నిద్దట్లో కూడా దుప్పటి మీద టకటకా టైపు చేస్తారు. ఒకరోజు నా చెయ్యి మీద కొట్టారు. ఇదేంటండీ అని లేపితే, ‘ఎర్రరొచ్చింది, మళ్ళీ కొట్టాలి’ అని మళ్ళీ కొట్టారు!”

“నువ్వు ఎర్రరివ్వని రోజేది?”

“చూశావా, చూశావా మాటలు! నువ్వు చదివినప్పుడు ఇంత హైరానా లేదమ్మా. ఇదే గది, ఇవే పెట్టెలు. మొదట్లో పాపం ఏడ్చావు, రానని మొండికేశావు, నాకు గుర్తే. కానీ ఆఖరి వారం తలుపేసుకున్నావు, భోజనానికి కూడా పిలవద్దన్నావు. వెళ్ళావు, ఒక్కసారికే కొట్టుకొచ్చావు.”

“ఏదో కలిసొచ్చింది పిన్నీ.”

“కలిసిరావడం కాదు, బుర్ర! ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈయన నీ కథే చెప్తారట. ఫోను లాక్‌కి కూడా నీ సర్టిఫికెట్ నంబరే. నా పుట్టినరోజు పెట్టుకోండి అంటే, గుర్తుండదన్నారు!”

“బాబాయ్, అది తీసెయ్యి. ఆ కథలు కూడా చెప్పకు.”

“ఎందుకు చెప్పకూడదు? అబద్ధమేమన్నా చెప్తున్నానా? మా అన్నయ్య కూతురు, సొంత బుర్రతో ఒక్కసారికే పాసైందని చెప్తున్నాను.”

“నాకిబ్బందిగా ఉంటుంది.”

“నిండుకుండ తొణకదని ఊరికే అన్నారా! అది సరేగానీ, రేపు ఏ చొక్కా ఇస్త్రీ చెయ్యమంటారు? పోయినసారి వేసుకున్నది వద్దు, అచ్చిరాలేదు. పాపం, సాయంత్రం దాకా కూర్చుని రాసినా ఒక్క మార్కులో పోయిందమ్మా. ఒక్కటంటే ఒక్కటి.”

“ఏదో ఒకటి చెయ్యి. నువ్వు కిందికి వెళ్ళు, ఇంకా పనుంది మాకు.”

“వెళ్తున్నా బాబూ, వెళ్తున్నా. పెద్ద పరీక్షలోళ్ళు!”

“తలుపు వేసెయ్యి అమ్మలూ.”

“ఒక్క మార్కులో పోయిందా బాబాయ్? నాకెప్పుడూ చెప్పలేదే.”

“ఇప్పుడదంతా ఎందుకు? టీ తాగు.”

“సరే. తాగుతూ లాగ్ కూడా చూసేస్తాను.”

“లాగెందుకు? అన్నీ కరెక్టే అన్నావుగా.”

“కరెక్టే. కానీ ఇక్కడ ఏం కొట్టినా లాగ్‌లో పడుతుంది కదా, ప్రతి కమాండూ. ఎక్కడ తడుముకున్నావో, ఎక్కడ టైము పోగొట్టావో తెలుస్తుంది.”

“వద్దులే. చల్లారిపోతుంది.”

“చల్లారనీ. ఇదిగో, మొదలుపెట్టింది ఇక్కడ... ఇదేంటి?”

“ఏది?”

“నాలుగో బ్రాంచి రౌటర్. అన్నిటికంటే ముందు దాంట్లోకి వెళ్ళావు. అక్కడ నేనసలు చెయ్యే పెట్టలేదు.”

“వెళ్ళానా?”

“వెళ్ళి ఏడో పోర్టు ఆపావు. వెంటనే మళ్ళీ ఆన్ చేశావు. బయటికొచ్చేశావు.”

“ఏదో చెయ్యి తగిలుంటుంది.”

“చెయ్యి తగిలితే రౌటర్ పేరూ పోర్టు పేరూ మొత్తం టైపవుతాయా?”

“పోనీలెద్దూ. నష్టమేం లేదుగా. మార్కులేం పోవుగా.”

“మార్కుల గొడవ కాదు. ఏడో పోర్టులో కేబులే లేదు బాబాయ్. ఖాళీ పోర్టు. ఎవరూ లేని ఇంటికెళ్ళి తలుపేసి, మళ్ళీ తీసి వచ్చినట్టుంది. ఎందుకు చేశావు?”

“ఏమో.”

“ఏమో ఏంటి! ‘ముందు చూడు, తర్వాతే ముట్టుకో.’ నాకు నేర్పిందెవరు? ‘నాడి చూడకుండా మందిచ్చేవాడు వైద్యుడు కాదు’ అని నెత్తిన మొట్టికాయ వేసి మరీ నేర్పిందెవరు?”

“నేనే.”

“మరి?”

“వదిలెయ్ అమ్మలూ. రేపు పొద్దున్నే లేవాలి.”

“వదలను. ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు.”

“చూస్తూనే ఉన్నాగా.”

“గోడని చూస్తున్నావు. ఇది నీ అంతట నువ్వు చేసింది కాదు. ఎక్కడో చూసి నేర్చుకున్నది. అవునా, కాదా?”

“నీకెలా... ఎలా తెలిసింది?”

“ఆ లైను చూస్తే నాకు తెలిసిపోతుంది. అవునా, కాదా?”

“అవును.”

“అయ్యో బాబాయ్! నువ్వా!”

“మెల్లిగా. మీ పిన్ని వింటుంది.”

“విననీ! నువ్వు కూడా ఇలాంటి పని...”

“నీకు దణ్ణం పెడతానే, మెల్లిగా మాట్లాడు.”

“ఏంటర్రా ఆ అరుపులు? ఏమైంది పైన?”

“ఏం లేదు పిన్నీ! ఈ ఫ్యాన్ల హోరుకి గట్టిగా మాట్లాడుతున్నాం!”

“నీలం చొక్కా చేస్తున్నానని చెప్పు మీ బాబాయ్‌కి!”

“చెప్తాను పిన్నీ! ... విన్నావా? నీలం చొక్కా చేస్తోంది నీకు. ఆవిడకి ఈ సంగతి తెలుసా?”

“తెలీదు.”

“ఇంకెవరికైనా?”

“ఎవరికీ తెలీదు. నీకే తెలిసింది, ఇప్పుడు.”

“మొత్తం బట్టీయేనా? ఇందాక ఆ వేగం, అదంతా...”

“మొత్తం కాదే. నువ్వు పాడుచేసినవి నేను సొంతంగానే పట్టుకున్నాను, ఒట్టు. కొంత అర్థమయ్యే చేస్తున్నాను. కానీ చేతికి ఆ వరస అలవాటైపోయింది. కుర్చీలో కూర్చోగానే అదే దారిలో పోతుంది. ఇందాక ఏడో పోర్టు దగ్గరికి కూడా అలాగే పోయింది, నేను ఆపేలోపే.”

“ఎప్పట్నుంచి జరుగుతోంది ఇది?”

“మూడోసారి పోయిన దగ్గర్నుంచి.”

“ఒక్క మార్కు! ఒక్క మార్కు కోసం ఇంత దిగజారతావా? ఇంకొంచెం చదివితే వచ్చేది కదా!”

“ఒక్క మార్కు కాదమ్మలూ.”

“పిన్ని ఇప్పుడేగా చెప్పింది?”

“మీ పిన్నికి నేను చెప్పింది అది. అసలు మార్కులే లేవు. సగంలో లేచొచ్చేశాను.”

“ఏంటి?”

“పొద్దున బాగానే కూర్చున్నాను. ప్రశ్న చదివాను. మళ్ళీ చదివాను. అక్షరాలు తెలుస్తున్నాయి, మాట అర్థం కావట్లేదు. రోజూ ఆఫీసులో చేసే పనేనే అది! కళ్ళు మూసుకుని చేసే పని. కీబోర్డు మీద చెయ్యి పెట్టడం, తియ్యడం, అంతే. ఆ ఇన్విజిలేటర్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నీ వయసుంటుంది అతనికి. ‘అంకుల్, ఒంట్లో బాగుందా?’ అన్నాడు. పరీక్ష హాల్లో అంకుల్ అన్నాడే! చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నా ప్రాణం చచ్చిపోయింది. మధ్యాహ్నం భోజనానికి వదిలారు కదా, ఇంక లోపలికి వెళ్ళలేదు.”

“సాయంత్రం దాకా ఎక్కడున్నావు మరి?”

“ఎదురుగా బస్టాపులో. టైము కాకుండా ఇంటికొస్తే మీ పిన్ని పసిగట్టేస్తుందని వచ్చిన బస్సునల్లా పోనిచ్చాను. అందరూ పరీక్ష ముగించుకుని బయటికొచ్చేదాకా కూర్చుని, వాళ్ళతో కలిసి బస్సెక్కాను. పక్కసీటతను ‘ఎలా చేశారండీ’ అన్నాడు. ‘బాగానే చేశాను’ అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.”

“నాకెందుకు చెప్పలేదు? ఒక్క ఫోను చేస్తే వచ్చేదాన్ని కదా.”

“నీకా? నీకెలా చెప్పనే? నీకు కేబుల్ ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి నేర్పినవాణ్ణి. నువ్వు ఒక్కసారికే దాటిన గుమ్మం దగ్గర మూడుసార్లు బోర్లా పడ్డాను. ‘తెలీనిది అడగడానికి సిగ్గుపడకూడదు’ అని అందరికీ పాఠాలు చెప్తాను, నా దాకా వచ్చేసరికి తల కొట్టేసినట్టయింది.”

“అందుకని ఈ పనా?”

“అందుకనే. ఏదో వెతుకుతుంటే కళ్ళెదురుగా దొరికింది. తెరిచి చూశాను. బుద్ధి వద్దంది, మూసేశాను. మర్నాడు మళ్ళీ తెరిచాను. మీ పిన్ని గుడికో బజారుకో వెళ్ళేదాకా ఆగి, దొంగలా చూసి రాసుకునేవాణ్ణి. ఇంత బతుకూ బతికి ఇంటెనకాల చచ్చినట్టయింది నా పని.”

“దొరుకుతాయి. వెతికితే అన్నీ దొరుకుతాయి. దొరికాయని ముట్టుకుంటామా? నేను చెప్పనా, ఇలా పాసైతే ఏమవుతుందో?”

“చెప్పు.”

“కాగితం వస్తుంది. సీటు వస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. ఇంక ఆ రోజునుంచీ రోజూ చావే. ఆఫీసునుంచి ఫోన్ మోగితే చాలు, ఈసారి బయటపడిపోతానేమోనని గుండె ఆగిపోతుంది. పక్కవాడు ‘ఇదెలా చేశారండీ’ అని మామూలుగా అడిగినా నోరెండిపోతుంది. మనవాళ్ళు పొగుడుతుంటే నేల చీలితే బాగుండు, లోపలికి పోదాం అనిపిస్తుంది. తీసెయ్యమన్నా తియ్యరు. చెప్పొద్దన్నా చెప్తారు. ఎంత పొగిడితే అంత చచ్చిపోవాలనిపిస్తుంది. అలా బతుకుతావా నువ్వు, ఈ వయసులో?”

“కళ్ళారా చూసినట్టు చెప్తున్నావే.”

“చూశాను అలాంటివాళ్ళని.”

“ఎవర్ని?”

“ఉన్నార్లే. నీకెందుకు? రేపు నువ్వు వెళ్ళకు.”

“ఎక్కడికి?”

“పరీక్షకి. నిచ్చెనెక్కు, ఫర్వాలేదు. అది పరువు తక్కువేం కాదు. ఇది పరువు తక్కువ.”

“పరీక్షకే వెళ్ళకూడనంత తప్పా అమ్మలూ ఇది?”

“కాదా?”

“సిగ్గుచేటే, కాదన్ను. నీకు మొహం చూపించలేకపోతున్నాను. కానీ చూసి నేర్చుకుంటే పరీక్షే రాయకూడదని నాకు తెలీదే.”

“చూసి నేర్చుకోవడమట! ఎంత ముద్దుగా పేరు పెట్టావు! పట్టుబడితే జన్మలో మళ్ళీ ఆ హాల్లో అడుగు పెట్టనివ్వరు. అది కూడా తెలీదా?”

“తెలీదు. నిజంగా తెలీదు.”

“ఇప్పుడు తెలిసిందిగా.”

“ఊఁ. తెలిసింది.”

“మరి రేపటి సంగతి?”

“ఇంకేముంది? నువ్వు ఆ గడప దాటినదానివి. నువ్వు వద్దంటే నాకు వద్దే. సరే, వెళ్ళను. మేనేజర్‌కి రేపు పొద్దున నేనే చెప్తాను, ఆ సీటు అతనికి ఇచ్చెయ్యండని. మీ పిన్నికి ఇప్పుడే చెప్తాను. బస్టాపు సంగతి కూడా చెప్పేస్తాను. ఆ చొక్కా ఇస్త్రీ ఆపమని కేకెయ్యి.”

“బాబాయ్...”

“కేకెయ్యవే. లేకపోతే నేను వెయ్యనా? ఇదిగో! ఒకసారి పైకి రా!”

“ఆగు. ఆగు ఒక్క నిమిషం. పిలవకు.”

“మళ్ళీ ఏంటి?”

“పిలిచారా? ఏం కావాలి?”

“ఏం వద్దు పిన్నీ! ఊరికే! ... బాబాయ్, కూర్చో. ముందు నాకొకటి చెప్పు. ఎవడు అమ్మాడు నీకు?”

“అమ్మడమేంటి?”

“బుకాయించకు. ఇంతదాకా ఒప్పుకున్నవాడివి ఇది దాచడమెందుకు? వాడి సంగతి నేను చూస్తాను. ఇంకొకళ్ళకి అమ్మకుండా చేస్తాను.”

“ఎవడూ ఏమీ అమ్మలేదే నాకు.”

“ఊరికే ఇచ్చాడా? లీకైన పేపరు ఊరికే ఎవడిస్తాడు?”

“లీకైన పేపరేంటి?”

“ఏడో పోర్టు బాబాయ్! ఆ లైను ఆ పేపర్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు! ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పాఠంలోనూ లేదు. జవాబులు రాసినవాడెవడో పొరపాటున వేరే పోర్టు ఆపాడు, నాలిక్కరుచుకుని మళ్ళీ ఆన్ చేశాడు. అదీ జవాబులో కలిపి అమ్మేశాడు. కొన్నవాళ్ళందరూ గొర్రెల్లా అదీ కొడతారు. ఎందుకు కొడుతున్నామో ఒక్కళ్ళకీ తెలీదు. ఏదైనా అర్థముందేమోనని నేనెంత వెతికానో! దానికి కారణమంటూ ఏం లేదు. లాగ్‌లో ఆ లైను కనపడిందంటే వాళ్ళు పేపరు కొన్నవాళ్ళే, రాసిపెట్టుకోవచ్చు. ఇంకా ఏం దాస్తావు?”

“అమ్మలూ.”

“చెప్పు. ఎవడు?”

“నేను ఏ పేపరూ కొనలేదు తల్లీ. అలాంటిది ఒకటుంటుందని కూడా నాకు తెలీదు.”

“మరి ఆ లైను నీకెక్కణ్ణుంచి వచ్చింది?”

“నీ దగ్గర్నుంచి.”

“నా... ఏంటి?”

“నువ్వే అన్నావుగా, ఇక్కడ ఏం కొట్టినా లాగ్‌లో పడుతుందని. నీ పరీక్షకి ముందు, ఆ ఆఖరి వారం తలుపేసుకుని నువ్వు కొట్టినవన్నీ ఇందులోనే ఉండిపోయాయి. అవే నేను దొంగతనంగా చూసింది. చెయ్యి పట్టి నేర్పిన పిల్ల దగ్గర చూసి రాసుకుంటున్నానని సిగ్గేసి నీకు చెప్పలేదు. నేను ఒప్పుకున్న తప్పు అదే.”

“బాబాయ్, నేను...”

“రోజూ అక్కడే మొదలుపెట్టేదానివి, ఏడో పోర్టు దగ్గర. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఎందుకో అర్థం కాక నేనూ పుస్తకాలన్నీ తిరగేశాను. పొద్దుట్నుంచీ నిన్ను అడుగుదామంటున్నది అదే, నోరు రాలేదు. మా అమ్మలు కొట్టిందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది, నాకే అందట్లేదు అనుకుని నేనూ కొడుతూ వచ్చాను.”

“ఆ లాగ్ మూసెయ్యి బాబాయ్.”

“నిజంగానే దానికి కారణం లేదా అమ్మలూ?”